గులాబీలకు కొట్టిన మందు

బుధవారం, రాత్రి

ఆసుపత్రి నుంచి వచ్చి హోసూరులో బస్సు దిగేసరికి చీకటి పడింది. మూలకణాల మార్పిడితో మా ఆయన రక్త క్యాన్సర్ తగ్గిందని సంబరపడ్డాం. ఇప్పుడు మెదడులో ఫంగస్, అదే బూజు, చేరింది. మందులు మార్చి మార్చి ఎక్కిస్తున్నా లొంగడం లేదు.

తోటలో గులాబీలకు ఏం కొడతారని డాక్టరమ్మ ఈరోజు అడిగింది. ఫోనులో డబ్బా ఫొటో చూపించాను.

"మేం ఎక్కిస్తున్నదీ ఈ జాతి మందేనమ్మా. ఈ బూజు దానికి ముందే అలవాటు పడినట్టుంది. మీ తోటలోదేనని మాత్రం తేల్చి చెప్పలేను" అంది. ఆ చివరి మాటను పట్టుకుని బస్సులో కూర్చున్నాను, కానీ అది ఎంతో దూరం నిలవలేదు. ఆయన గులాబీలు పెంచే ప్లాస్టిక్ కప్పు పాలీహౌస్‌లోనే అన్నం తినేవారు, ఆ చెట్ల మధ్యే కునుకు తీసేవారు.

రేపు వేరే జాతి మందు మొదలుపెడతారట. కిడ్నీలు ఓర్చుకోవాలి.

గేటు దగ్గరే మరిది మంజు ఎదురొచ్చాడు. అన్నకు తన కణాలు ఇచ్చినవాడు.

"వదినా, ఆకులకు బూడిద తెగులు వచ్చేసింది. రేపు మందు కొట్టేదా? ముహూర్తాలకు పూలు యాడ తెచ్చేది?"

"వద్దప్పా" అన్నాను. గేటు వేసి లోపలికి నడిచాను.

మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి నేను బయలుదేరే ముందు ఆయన నావైపు చాలాసేపు చూశారు. నా పేరు గుర్తు రాలేదు. చివరికి ఒక్కటే అడిగారు.

"తోటకు మందు కొట్టినారా?"

"కొట్టినాము, మీరు పండుకోండి" అన్నాను.

నిశ్చింతగా కళ్ళు మూసుకున్నారు.