మూతలు బిగించిన సీసాలు

ఫింటాస్, కువైట్, సెప్టెంబరు 1990

పై ఫ్లాటులోని ఇటలీ ఇంజినీరును ఇరాకీ సైనికులు బందీగా పట్టుకుపోయి వారం దాటింది. ఇల్లు మాత్రం ఖాళీ అయినట్టు లేదు. మా వంటగదిలో నిలబడితే పైన ఎవరో గుటకలు వేస్తున్నట్టు బుడుక్ బుడుక్‌మని వినిపించేది. మందు నిషేధమున్న దేశంలో, మూతలు వదులుగా పెట్టి ఆయన రహస్యంగా పులియబెట్టుకున్న ద్రాక్షరసం అది.

రెండు రకాల ద్రాక్షలు కలిపి ఎర్ర వైన్ చేసేవాడు. వాళ్ల దేశంలో ఏ సీమలో ఏ ద్రాక్ష ఎంత కలపాలో చట్టమే ఉందట. దాని ప్రకారం చేస్తేనే సీసాకు ఆ సీమ పేరట. "ఇక్కడ నేనెంత బాగా కలిపినా దీనికి ఊరు పేరు ఉండదు," అని నవ్వేవాడు. ఇవాళ సైనికులు కార్లకున్న కువైట్ నంబరు ప్లేట్లు పీకించి ఇరాక్‌వి పెట్టిస్తుంటే ఆ మాటే గుర్తొచ్చింది.

ఆయన ఇంట్లో పనిచేసిన కడప ఓబులమ్మ ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది. సాయంత్రం పైకెళ్లి వచ్చి, "మూతలన్నీ గట్టిగా బిగిచ్చినానమ్మా. ఇంగ సప్పుడు ఖలాస్. కింద గేటు కాడ ఉండేవాళ్లు వింటే మనల్ను బతకనిస్తారా?" అంది.

మా ఆయన దిగ్గున లేచారు. "గాలి పోయే దారి లేకపోతే సీసాలు పేలతాయి, ఓబులమ్మా. తుపాకీ పేలినట్టే ఉంటుంది."

మూతలు వదులు చేయడానికి, చెప్పులు గుమ్మంలోనే వదిలి మెట్లెక్కి వెళ్లారు. గేటు దగ్గర సైనికుడి దగ్గు కూడా వినిపిస్తోంది. ఇన్నాళ్లూ ఆ గుటకలు ఆగితే చాలనుకున్నాను. ఇప్పుడు వాటికోసమే చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. పైనుంచి ఇంకా ఏ చప్పుడూ లేదు.