ఆఖరి వారం పేజీలు

అక్కా,

నిన్న అమలాపురంలో మా కాలేజీ పిల్లలు నీ నవలను నాటకం వేశారు. అదే, వారపత్రికలోంచి పేజీలు చింపి నువ్వు బైండు చేయించుకున్న ప్రేమ నవల. నేనే దాన్ని ఈ కాలానికి తగ్గట్టు హాస్య నాటకంగా మార్చాను. పడవ దిగి రావలసిన కథానాయకుడు స్కూటీ మీద వస్తాడు, ఉత్తరాలకు బదులు వాయిస్ మెసేజీలు పెడతాడు. నువ్వు అంత ఇష్టంగా చదువుకున్న కథను నవ్వులపాలు చేస్తున్నానేమోనని రిహార్సల్స్ జరిగినన్నాళ్లూ నాకు గుంజాటనే.

నీ బైండులో ఆఖరి వారం పేజీలు లేవు కదా. "నన్ను పెళ్లి చేసుకుంటావా?" అని అతను అడగడంతో నీ పుస్తకం అయిపోతుంది. దాని కింద నువ్వు పెన్సిలుతో, ఆ పిల్ల ఒప్పుకున్నట్టు, "ఆయ్" అని రాసుకున్నావు. అసలు కథలో ఆమె కాదంటుంది. యూనివర్సిటీలో ఉండగా అక్కడి లైబ్రరీలో చదివాను. నీకు చెప్పాలో వద్దో తేల్చుకునేలోపే నువ్వు వెళ్లిపోయావు.

నిన్న స్టేజీ మీద అతను మోకాళ్ల మీద కూర్చుని పెద్ద ఉపన్యాసమే ఇచ్చాడు. ఆ పిల్ల బొండం తాగడం ఆపకుండానే "ఆయ్" అంది. హాలంతా ఒకటే నవ్వు.

అయ్యాక మా రిటైరైన తెలుగు మాస్టారు నా దగ్గరికి వచ్చారు.

"ముగింపు మార్చేసేరేంటండీ మేడంగారూ? నవల్లో ఆ అమ్మాయి కాదంటుంది కదండీ."

"మా అక్క పుస్తకంలో ఇలాగే ఉందండీ మాస్టారూ," అన్నాను.