మీ మామ వదిలేసే తొక్కలు

డయానా,

ఆండర్సన్‌పేటకు మా చెల్లి దగ్గరికి పోతా ఉండాను, దానికి జ్వరమంట. వచ్చేసరికి ఎనిమిది దాటుతాది. నా కోసం కాసుకోవద్దు, తినేయండి.

పెద్ద ఉర్లగడ్డలు, అదే ఆలుగడ్డలు, ఆరు కడిగి పెట్టినాను. ఫోర్కుతో పొడిచి, నూనె, ఉప్పు పూసి ఓవెన్‌లో గంటసేపు పెట్టు. సగానికి కోసి, తొక్క చినగకుండా లోపలిది తీసి, వెన్న, ఖీమా కలిపి మళ్లా నింపు. వండిన ఖీమా ఫ్రిజ్‌లో ఉండాది. పైన చీజ్ తురిమి ఇంగో పది నిమిషాలు పెడితే చాలు.

మీ మామ లోపలిదంతా తిని తొక్క వదిలేస్తాడు. పోయిన వారం నువ్వు మొహం ముడుచుకున్నావు, చూసినాను. నీ వంట బాగలేక కాదమ్మా. ఆయన బంగారు మైన్‌లో దిగి పని చేసేటప్పుడు ఉడకేసిన ఉర్లగడ్డలు కట్టిచ్చేదాన్ని. సైరన్ కూసినాక ఖాళీ డబ్బా ఊపుకుంటా వచ్చేవాడు. ఇంట్లో మాత్రం తొక్క ముట్టడు. నా చేతి వంటకే ఈ వంక అని ఎన్నిసార్లు ఏడ్చినానో. మైన్ కింద చేతులు కడుక్కునేదానికి నీళ్లుండవంట. దుమ్ము చేత్తో తొక్క పట్టుకొని, లోపలిది తిని, తొక్క ఎలుకలకు ఏసేవాడంట. ఈ ఒక్క మాట చెప్పేదానికి ఆయనకు పదకొండేళ్లు పట్టింది.

మైన్ మూసి ఏడేళ్లయింది. ఇప్పుడు సబ్బుతో రెండుసార్లు కడుక్కొని కూర్చుంటాడు, అయినా అంతే. ఏమీ అడగొద్దు.

అత్త

ఇంగొకటి. ఆ తొక్కలు చెత్తలో ఏయొద్దు. కరకరలాడతా బాగుంటాయి. ఆయన తిని లేచినాక ఇన్నేళ్లూ నేనే తిన్నాను. ఈ పూట నువ్వు తిను.