డాడీ కారు హారన్

కరీంనగర్
బాపమ్మకు రుత్విక్ నమస్కారాలు.
ఫోన్ చేస్తే నీకు వినపడది. "ఎవడ్రా నువ్వు?" అని తిట్టి పెట్టేస్తవ్. అందుకే ఉత్తరం.
మందమర్రికి వచ్చి ఉండుమంటున్నవ్. నేను రాను. డాడీ పోయి నాలుగు నెలలైంది గానీ, పొద్దుగూకంగనే ఆయన కారు దానంతటదే రెండుసార్లు హారన్ కొడ్తుంది, అచ్చం డాడీ కొట్టినట్టే. మెకానిక్ బ్యాటరీ పీకిండు. అయినా మోగుతుంది. నేను వచ్చేస్తే ఆయనకు గేటు ఎవరు తీస్తరు?
నీ మనవడు, రుత్విక్

తా.క.: కారు లోపల్నే ఉంది. అయినా వాచ్‌మన్ రాయమల్లు ఉరికి గేటు తీసి, ఖాళీ రోడ్డుకు సెల్యూట్ కొడ్తుండు.

మందమర్రి
చిరంజీవి రుత్విక్‌కు బాపమ్మ సమ్మవ్వ దీవించి రాయునది.
పిచ్చి పోరడా, మెకానిక్ ఎందుకురా! మీ తాత బొగ్గుబాయిల పనిచేసిండు. డ్యూటి దిగి మసితోని ఇంటికొస్తే ముందుగాల ఉడుకు నీళ్లు, తర్వాతే మాట. మీ బాపు గీ ఇంట్ల పెరిగినోడే. గ్రానైట్ అమ్మి బంగ్లా కట్టినా గా అలవాటు పోలే. హారన్ గేటుకు కాదు, నీళ్లకు. ఫికర్ చెయ్యకు, ఉడుకు నీళ్లు పెట్టు.
మీ బాపమ్మ

తా.క.: అన్నం తింటున్నవా, కారుకు కాపలానే కాస్తున్నవా?

కరీంనగర్
బాపమ్మకు నమస్కారాలు.
నువ్వు చెప్పినట్టే చేసినం. రాయమల్లు ఉడుకు నీళ్లు తెచ్చి కారుకు పోసిండు. నేను షాంపూ పెట్టి రుద్దిన. రెండుసార్లు కొట్టేది నాలుగుసార్లు కొట్టింది! డాడీకి కోపమొచ్చిందా?
పరేషాన్‌ల ఉన్న నీ మనవడు

తా.క.: కారు మాత్రం మస్తు మెరుస్తుంది.

మందమర్రి
చిరంజీవికి దీవెనలు.
ఓరి నీ తెలివి మన్నుగాను! కారుకు తానం పోసినవా? నీళ్లు మనిషికి బిడ్డా. రాయమల్లుకు చెప్పకు, నీ చేతులతోని పొయ్యి ముట్టించు. నౌకర్లు పెట్టిన నీళ్లు మీ బాపు రోజూ పోసుకున్నడు. కొడుకు పెట్టినయి ఒక్కనాడన్న పోసుకున్నడా?
మీ బాపమ్మ

తా.క.: మస్తు ఉడుకుండాలె. చిన్నప్పుడు నీళ్లు సల్లగుంటే బకెట్ తన్నేటోడు.

కరీంనగర్
బాపమ్మకు నమస్కారాలు.
పెరట్ల మూడు రాళ్లు పెట్టి పొయ్యి ముట్టించిన. పొగ చూసి రాయమల్లు ఫైరింజన్‌ను పిలుస్తనన్నడు. హారన్ మోగింది. బాత్రూంల బకెట్ పెట్టి, టవల్ పట్టుకొని నిలబడ్డ. ఎవ్వరూ రాలే. నీళ్లు సల్లారుతుంటే పారబోయబుద్ధి కాలే, నేనే పోసుకున్న. డాడీ పోయినప్పట్నుంచి రాని ఏడుపు గప్పుడొచ్చింది బాపమ్మా. మస్తు ఏడ్చిన.
తెల్లారి నుంచి హారన్ మోగుతలే. ఆయన నీళ్లు నేను పోసుకున్నందుకు అలిగిండా? ఒక్కసారి మోగితే చాలు. రోజూ గేటు కాడ్నే కూసుంటున్న.
రుత్విక్

తా.క.: రాయమల్లు కూడా కూసుంటుండు. సెల్యూట్ కొట్టక చెయ్యి గుంజుతుందట.

మందమర్రి
చిరంజీవి రుత్విక్‌కు బాపమ్మ దీవించి రాయునది.
నీ తప్పేం లేదు బిడ్డా. నా చెవుల సంగతి ఎరికే గదా, బాయి సైరన్ కూడా వినపడది. మొన్న పొద్దుగూకంగ పొయ్యి కాడ కూసుంటే, మా క్వార్టర్ ముంగట "పాం పాం" అన్నది. పక్కింటి లస్మవ్వను అడిగితే తనకేం వినపడలేదన్నది. నాకు వినపడ్డది! ఉరికి వాకిలి తీసిన. కారు లేదు, మనిషి లేడు. అప్పట్నుంచి రోజూ గట్లనే. ఎన్ని నీళ్లు పెట్టినా ఆగుతలే.
ఆయన అలగలే. నీకన్న ముందే ఇంటికొచ్చి నిన్ను పిలుస్తుండు. బస్సెక్కి రా. నీళ్లు పొయ్యి మీదనే ఉన్నయి.
మీ బాపమ్మ

తా.క.: రాయమల్లును కూడా తోలుకరా. నాకు సెల్యూట్ కొట్టుడు రాదు.