జిప్పులు మీరుంచుకోండి, ఉలులు ఇప్పించండి

సుంకాల శాఖ, ఆంక్షల విభాగం అధికారి గారి సముఖమునకు బస్సు డిపో ఎదుటి దర్జీ సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మూడు నెలల క్రితం నేను పెట్టుకున్న అర్జీని రద్దు చేయుట, మరియు పక్క దుకాణం ఆవిడ ఉలుల పార్సిలును విడుదల చేయించుట గురించి.

1. ఆ దేశపు సరుకుల మీద తమరు మొదట రెండింతల సుంకము, పిమ్మట పూర్తి నిషేధము విధించియున్నారు. బలం లేని పొరుగువాడి మీదికి సైన్యాన్ని తోలిన దేశానికి మన బజారులో చోటుండరాదన్నది నా అభిప్రాయం కూడా. అయితే ఆ అభిప్రాయం నా కత్తెర దాకా వచ్చేసరికి నీరుగారింది. బస్సు డ్రైవర్లకు కుట్టవలసిన అరవై చలికోట్లకు జిప్పులు అక్కడినుంచే రావాలి. అందుచేత, జిప్పు లేనిదే కోటు లేదనీ, ఈ నగరంలో మరో దారి లేదనీ ప్రమాణపూర్వకముగా రాసి మినహాయింపు కోరాను. అది అబద్ధమని అప్పటికి నాకు తెలియదు.

2. తమ జవాబు కన్నా ముందు చలి వచ్చింది. డ్రైవర్లు జిప్పు లేని కోట్లే వేసుకుపోయి, ఒక చేత్తో స్టీరింగు, మరో చేత్తో కోటు పట్టుకుని బస్సులు నడిపారు. వాళ్లలో ఒక పెద్దాయన కోటు చుట్టూ లగేజీ తాడు బిగించుకుని వచ్చి, "ఈ మూటనెక్కడ దింపుతావయ్యా?" అని నన్నే అడిగారు.

3. ఆ వారమే మా బావ ఒక అట్టపెట్టె నిండా జిప్పులు తెచ్చాడు. ఆయన రేవులో సరుకులు దించే మనిషి. పెట్టె మీద వేరే దేశం పేరు అతికించి ఉంది. కాగితం మీద దేశం మారితే చాలు, జిప్పుకేం తెలుస్తుందన్నాడు. నేను తీసుకోవడానికి సిద్ధపడ్డానని సిగ్గుతో ఒప్పుకుంటున్నాను. బావ పేరు ఇందులో రాయలేదు. మా అక్కకు ఒక్కడే మొగుడు కావున తమరు కనుక్కోగలరు.

అదే సమయానికి పక్క దుకాణం ఆవిడ సూది అడగడానికి వచ్చింది. ఆవిడది ఆ సైన్యం ఆక్రమించిన ఊరు. రెండేళ్ల క్రితం ఇక్కడికి చేరి, లేత్ మిషను మీద కొయ్య గిన్నెలు చేసి బతుకుతున్నది. ఆవిడ ఒక జిప్పు తీసి, దాని బిళ్లను వెలుతురుకు తిప్పి చూసింది.

"ఈ గుర్తు నాకు తెలుసు," అన్నది. "మా వీధిలోకి వచ్చినవాళ్ల కోట్లకి ఇదే ఉంది. మా నాన్నని తీసుకెళ్లినవాడు గుమ్మంలో ఆగి జిప్పు పైకి లాక్కున్నాడు. చలేసిందేమో."

మా అక్క కుట్టుమిషను దగ్గరనుంచి లేచి, పెట్టె మూత వేసి, బావ చేతుల్లో పెట్టింది. బావ దాన్ని తీసుకుపోయి తమ రేవు కార్యాలయంలో అప్పజెప్పాడు. రసీదు నకలు జతపరచడమైనది.

4. మర్నాడు ఆవిడ గుప్పెడు కొయ్య గుండీలు నా బల్ల మీద పోసింది. విరిగిన కుర్చీ కాళ్లతో చేసినవి. అయ్యా, నలభై ఆరేళ్ల బ్రహ్మచారిని, ముప్ఫయ్యేళ్లుగా దర్జీని, గుండీ అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. పది రోజుల్లో అరవై కోట్లూ ముగించాం. గోడకిటు నేను కాజాలు కుడుతుంటే, అటు ఆవిడ గుండీలు చేసేది. ఎన్నయ్యాయని గోడ తట్టి అడిగేవాణ్ణి. అడగవలసిన పని లేనప్పుడు కూడా తట్టాను. ఆవిడ నవ్వు లేత్ రొదలోనూ వినబడుతుంది. (పై వాక్యము అర్జీకి సంబంధించినది కాదు. కొట్టివేసినట్లు భావించవలెను.)

మొదటిరోజు డ్రైవరు గుండీలన్నీ పెట్టుకునేసరికి ఏడో నంబరు బస్సు ఆరు నిమిషాలు ఆలస్యమైంది. ప్రయాణికులు చుట్టూ చేరి తలా ఒక గుండీ పెట్టారట. ఇప్పుడు అవతలి డిపో వాళ్లు కూడా వచ్చి కొలతలిస్తున్నారు.

5. ఇక అసలు కష్టం. సోమవారం తమ కార్యాలయం నుంచి రెండు కాగితాలు వచ్చాయి. నాకు జిప్పుల మినహాయింపు మంజూరైంది. ఆవిడకు వాళ్ల పిన్ని ఆ ఊరినుంచి పంపిన పార్సిలు నిలిపివేశారు. అందులో ఉన్నవి ఆవిడ తండ్రిగారి తొమ్మిది ఉలులు. ఆ ఊరి తపాలా ముద్ర ఇప్పుడు ఆ దేశానిది కనుక ఉలులు కూడా ఆ దేశపు సరుకేనని తమ గుమాస్తా గారు రాశారు. దొంగ ఇంట్లో దూరి తలుపు మీద తన పేరు రాసుకుంటే ఇల్లు వాడిదవుతుందా? ఆ ముద్రను మనమే ఒప్పుకుంటే ఇన్ని ఆంక్షలు దేనికి? ఆవిడ కాగితం చదివి, మడిచి జేబులో పెట్టుకుంది. ఆ రోజు లేత్ తిరగలేదు. నాకు దారం సూదిలోకి ఎక్కలేదు.

కావున నాకిచ్చిన మినహాయింపును వెనక్కి తీసుకుని, ఆ తొమ్మిది ఉలులను వాటి యజమాని కూతురికి ఇప్పించవలసిందిగా కోరుతూ, ఇందులోని తప్పులను మన్నించి న్యాయమును మాత్రం చిత్తగించవలెనని వేడుకొను,

తమ విధేయుడు,
బస్సు డిపో ఎదుటి దర్జీ

తా.క.: నేను స్టాంపు తేవడానికి వెళ్లి వచ్చేసరికి ఆవిడ ఈ అర్జీ మొత్తం చదివేసింది. మా అక్కే ఇచ్చిందట. కొట్టివేసినట్లు భావించవలసిన వాక్యం రెండుసార్లు చదివిందట.

"ఇన్ని మాటలు ఆఫీసరుగారికి చెప్పారు. నాకొక్కటీ చెప్పలేదే?" అన్నది.

చెప్పాను. మెడలో టేపుతో, నిలబడిన చోటునే చెప్పాను. సరేనన్నది. అయ్యా, సరేనన్నది. మళ్లీ శుభ్రంగా రాయమని అక్క అంటోంది గాని స్టాంపు అతికించేశాను. ఇలాగే పంపుతున్నాను. పెళ్లి వచ్చే నెల మొదటి ఆదివారం, తమరు తప్పక రావాలి. ఉలులతో వస్తే మహదానందం. ఉత్తచేతులతో వస్తే మాత్రం గుమ్మంలో మా అక్క ఉంటుంది.