పది కిలోల ఓము

బారిడీహ్, జంషెడ్‌పూర్

నారాయణమూర్తి థర్మామీటర్ల దుకాణం వారికి, విజయనగరం.

అయ్యా, నమస్కారాలు.

నా పేరు సత్యప్రసాద్. మనం ఒకరినొకరు ఎరగం. తాతల నాడు చీపురుపల్లి వైపు నుంచి ఇక్కడి ఇనుము పనికి వచ్చిన కుటుంబం మాది. నేను మొన్నటిదాకా కాంట్రాక్టు పనికి వెళ్లిన చోట ఒక పాత కొలిమి థర్మామీటరు ఉండేది. ఎన్ని కొత్తవి వచ్చినా, అనుమానం వస్తే అందరూ దాన్నే చూసేవారు. దాని ఇత్తడి బిళ్ల మీద మీ చిరునామా ఉంది. ఫోను నంబరు కూడా ఉంది కానీ అది పాతకాలం నంబరు, మోగలేదు. అందుకే ఉత్తరం.

ఆ కాంట్రాక్టు అయిపోయాక ఇంట్లోనే పెళ్లి వీడియోల ఎడిటింగ్ చేసుకుంటున్నాను. నా పాత కంప్యూటర్ ఈ మధ్య ప్రాసెసర్ వేడి తొంభై దాటిపోయిందని తెర మీద చూపించి తనంతట తనే ఆరిపోతోంది. చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా కూడా ఉండదు. సాక్చి బజారులో చూపిస్తే ప్రాసెసరే మార్చాలన్నారు. నా అనుమానం ప్రాసెసర్ మీద కాదు, దాని కింద బోర్డులో ఉండే సెన్సర్ మీద. వేడి కొలిచేది అదే. దాన్ని ఊడదీసి, ఆ చోట నిజం చెప్పేదాన్ని అతికించాలని నా ఆలోచన. ఆన్‌లైన్‌లో రెండు తెప్పిస్తే రెండూ రెండు మాటలు చెప్పాయి. కాబట్టి ఆవగింజంత సెన్సర్, పది కిలో ఓములది, ఒకటి పంపగలరు.

ఇట్లు,
సత్యప్రసాద్

తా.క. మీకు బదులు రాయడం ఆలస్యమైతే ఏమీ అనుకోవద్దు. మా అమ్మ సన్యాసమ్మకు ఒళ్లు వెచ్చగా ఉంటోంది. ఆవిడ ఒప్పుకోదు. "నాకు జొరమేటి? ఈ ఊరి ఎండ ఒంట్లోకొచ్చేసింది" అంటోంది.

*

విజయనగరం

బాబు సత్యప్రసాద్‌కు దుకాణం తరఫున ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. చాలా వివరంగా రాశారు. దీనితో పాటు థర్మామీటరు పంపుతున్నాం. నాలుక కింద పెట్టి, బీప్ అనేదాకా నోరు మూసుకుని ఉండాలి. నూట రెండు దాటితే ఎండ అన్నా, గాలి అన్నా వినకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ఒళ్లు తొంభై దాటిందన్న ప్రాసెసర్ గారు మీకు ఏమవుతారో రాయలేదు. పెద్దవారైతే ఆయనకు కూడా ఇదే పెట్టవచ్చు, కడిగి పెట్టండి.

ఇట్లు,
దుకాణం తరఫున

తా.క. పది కిలోల ఓము అడిగారు. వామునే మీ వైపు అలా అంటారు కాబోలు. మాది కిరాణా కొట్టు కాదు. అయినా ఎదురింటి కొట్లో అడిగాం. అంత వాము ఒకేసారి కొనేవాళ్లను ఆయన ఇంతవరకు చూడలేదట.

*

బారిడీహ్

అయ్యా, నమస్కారాలు.

మీ పార్సిల్ విప్పగానే కోపం వచ్చిన మాట నిజం. ఆ కోపంతోనే ఉత్తరం మొదలుపెట్టాను కూడా. ఇంతలో మా ఆవిడ శ్రీదేవి ఆ థర్మామీటరు తీసుకెళ్లి అమ్మ నోట్లో పెట్టింది. అమ్మ నోరు మూసుకుని కూర్చోవడం మా ఇంట్లో ఎవరమూ చూడలేదు. ప్రతి రెండు క్షణాలకూ ఏదో చెప్పబోవడం, మా అమ్మాయి హాసిని పక్కన నిలబడి "దాదీ, ముహ్ బంద్" అనడం. చివరికి నూట మూడు చూపించింది.

అమ్మను అప్పటికప్పుడు ఆటో ఎక్కించాం. ఆసుపత్రిలో రక్తం చూసి మలేరియా అన్నారు. ఇంకా ఆలస్యం చేసి ఉంటే ప్రమాదమయ్యేదన్నారు. ఇప్పుడు ఇంటికి వచ్చేసింది, జావ తాగుతోంది, మమ్మల్ని కేకలేస్తోంది. మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

కానీ అయ్యా, నేను అడిగింది అది కాదు. ప్రాసెసర్ మా ఇంట్లో మనిషి కాదు, కంప్యూటర్లో లెక్కలు చేసే బిళ్ల. ఓము అంటే వాము కాదు, కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత. దయచేసి ఈసారి సెన్సర్ పంపండి.

ఇట్లు,
సత్యప్రసాద్

తా.క. అమ్మ లేచి వేరుశనగ ఉండలు చేస్తోంది. సాయంత్రాలు డ్యూటీ దిగేవాళ్లకు అమ్ముతాం. జ్వరం తర్వాత ఆవిడకు బెల్లం పాకం కుదరడం లేదు. ఒకరోజు రాయి, ఒకరోజు లేహ్యం. నిన్న ఒకాయనకు పన్ను కదిలింది. పైగా మందుల వల్ల కడుపుబ్బరం.

*

విజయనగరం

బాబు సత్యప్రసాద్‌కు దుకాణం తరఫున ఆశీస్సులు.

అమ్మగారు కోలుకున్నారని చదివి మనసు చల్లబడింది. ప్రాసెసర్ మనిషి కాదని తెలిసి మరింత కుదుటపడ్డాం. ఆయన గురించి ఎవరూ పట్టించుకోవడం లేదేమోనని బెంగగా ఉండేది.

ఈ పార్సిల్లో పొడుగు కాడ థర్మామీటరు ఉంది. కాడను పాకంలో నిలువుగా ముంచాలి, గిన్నె అడుగుకు తగలకూడదు. పాదరసం ఎర్ర గీత దగ్గరికి రాగానే దింపేయమని అమ్మగారికి చెప్పండి. దాంతో పాకం కలపవద్దు, గాజుది.

ఇట్లు,
దుకాణం తరఫున

తా.క. ఓము సంగతి మీరు రాసింది రెండుసార్లు చదివాం. అయినా కడుపుబ్బరానికి వామే మంచిదని పావుకిలో పెడుతున్నాం. మిగతాది మీరు వద్దనేదాకా తెప్పిస్తూ ఉంటానని ఎదురింటి కొట్టాయన అంటున్నాడు.

*

బారిడీహ్

అయ్యా, నమస్కారాలు.

ఈ ఉత్తరం గట్టిగా రాద్దామని కూర్చున్నాను. అమ్మ ఎదురుగా కూర్చుంది. "ముందు ఆ బాబుకి నా దండాలు రాయి. రాసావా? ఏదీ, చదువు" అంటోంది. కాబట్టి ముందు దండాలు. పాకం ఇప్పుడు ఏ రోజు చూసినా ఒకేలా వస్తోంది. పన్ను కదిలినాయన కూడా మళ్లీ వస్తున్నాడు. రెండు దుకాణాల వాళ్లు రోజూ ఉండలు పట్టుకెళతామన్నారు. కంప్యూటర్ ఆగిపోయిన ఈ రోజుల్లో ఇల్లు నడుస్తోందంటే మీ పొడుగు కాడ వల్లే. కడుపుబ్బరం కూడా తగ్గింది.

ఇక నా బాధ వినండి. బిర్సానగర్‌లో గణపతిరావు గారని ఉన్నారు. ఆయన కూతురు దేవి పెళ్లి వీడియో నా కంప్యూటర్లో సగంలో ఉంది. ఆయన రోజూ వచ్చి, రోగిని చూడ్డానికి వచ్చినట్టు కంప్యూటర్ పక్కన కూర్చుని, "ఏటి బాబూ, వేడి తగ్గిందా?" అని అడుగుతారు. రెండు ఉండలు తింటారు, వెళ్లిపోతారు. ఆ పెళ్లయిన కొద్ది రోజులకే పెళ్లికూతురి నాయనమ్మ పోయారు. ఆవిడ నడుస్తూ, నవ్వుతూ కనిపించేది ఇక ఆ వీడియోలోనే. ఆయన నన్ను ఒక్క మాట అనరు. అదే నాకు కష్టంగా ఉంది.

మాటల్లో చెప్పడం నాకు చేతకావడం లేదని వెనక పేజీలో బొమ్మ వేశాను. ఈ చతురస్రం ప్రాసెసర్. దాని కింద ఈ గుంట. గుంటలో ఉన్న చుక్క పాత సెన్సర్. దాన్ని తీసి, కొత్తదాన్ని ప్రాసెసర్ అడుగుకు ఆనుకునేలా తీగ మెలేసి తోద్దామనుకుంటున్నాను. అలాంటిది మీ దగ్గర లేకపోతే లేదని రాయండి, బాధపడను.

ఇట్లు,
సత్యప్రసాద్

తా.క. ఈసారి మా ఇంట్లో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

*

బారిడీహ్

పూజ్యులు నారాయణమూర్తి గారికి సత్యప్రసాద్ పాదాభివందనాలు.

ఈసారి పార్సిల్లో ఉత్తరం లేదు. అగ్గిపెట్టెలో దూది, దూదిలో సెన్సర్. ఆవగింజకన్నా చిన్నది. తీగ మెలేసి తోసే పని లేకుండా దాని కింద సన్నని స్ప్రింగు కూడా మీరే పెట్టారు.

ముందు దాన్ని గోరువెచ్చని నీళ్లలో అమ్మ జ్వరం థర్మామీటరుతో కలిపి ఉంచి చూశాను. రెండూ ఒకే మాట చెప్పాయి. పాత సెన్సర్ ఊడదీసి, కొత్తదాన్ని బోర్డుకు అతికించి, దాని పైన ప్రాసెసర్ పెట్టి నొక్కాను. స్ప్రింగు వల్ల అది ప్రాసెసర్ అడుగుకు ఆనుకుని నిలబడింది. మీట వేసే ముందు శ్రీదేవి కళ్లు మూసుకుంది. గణపతిరావు గారు ఉండ తినడం ఆపారు.

ముప్పై నాలుగు చూపించింది. పని మొదలుపెట్టాక నలభై ఎనిమిదికి పోయి అక్కడే ఆగింది. ప్రాసెసర్‌కు ఏ జబ్బూ లేదు. ఇన్నాళ్లూ పాపం దాని మీద లేనిపోని నింద పడింది.

వీడియో పూర్తయింది. గణపతిరావు గారు నాయనమ్మ గారు వచ్చే చోట ఆపమని, మళ్లీ వెనక్కి తిప్పమని, ఎంతోసేపు చూశారు. "మా అమ్మ నడక సూడు బాబూ, పెళ్లికొడుకు కన్నా ముందే పోతంది" అని నవ్వారు. కళ్లు తుడుచుకున్నారు. ఆ నవ్వు, ఆ కన్నీళ్లు నావి కావు అయ్యా, మీకు చెందాల్సినవి. అందుకే రాస్తున్నాను.

ఇట్లు, మీ రుణం తీర్చుకోలేని
సత్యప్రసాద్

తా.క. మొదటి రెండుసార్లూ నేనేం అడిగానో మీకు తెలిసే అవి పంపారని శ్రీదేవి అంటోంది. నిజమేనా?

*

విజయనగరం

చిరంజీవి సత్యప్రసాద్‌కు బంగారమ్మ అనేక దీవెనలతో రాయునది.

బాబూ, మొదటినుంచీ ఉత్తరాలు రాసింది నేనే. నారాయణమూర్తి గారు మా ఇంటాయన. చెయ్యి వణుకు వచ్చిన దగ్గర్నుంచి ఆయన దుకాణంలోకి రావడం మానేశారు. నేను ఎవరి ఉత్తరమైనా చదివి వినిపించబోతే "నాకెందుకే" అని అటు తిరిగేవారు. ఉన్న సరుకు నేను అమ్ముతున్నాను, కానీ ఆ విద్య నాకు రాదు. మీ మొదటి ఉత్తరంలో ఒళ్లు వెచ్చగా ఉన్న అమ్మ తప్ప నాకేమీ అర్థం కాలేదు. రెండోదాంట్లో పాకం అర్థమైంది. నాకు అర్థమైనదానికి నేను పంపాను. మీ ఉత్తరాల్లో తాజాకలం ఒక్కటే నాది.

మూడోసారి అందులో ఏ ఇబ్బందీ లేదని రాశారు. నాకు చెయ్యాల్సిందేమీ కనబడలేదు. ఏం పంపాలో తెలియక, బొమ్మ ఉన్న పేజీని ఆయన కంచం పక్కన పెట్టి ఊరుకున్నాను. అన్నం తింటూ వంగి చూశారు. "ఈ అబ్బాయెవడు? తీగ మెలేసి తోత్తాడట. అలా తోత్తే తెగిపోద్ది. ఏదీ, నా కళ్లజోడు" అన్నారు. చెయ్యి కడుక్కుని దుకాణంలోకి నడిచారు. ఆయన పనిచేసే బల్ల మీద దుమ్ము నేను చీరకొంగుతో తుడిచాను.

మొదట చేసింది చెయ్యి వణికి పాడైంది. ఆయన లేవబోతే నేను ఆయన మణికట్టు గట్టిగా పట్టుకున్నాను. అలా పట్టుకునే ఉన్నాను, తీగ ఆయన అతికించారు. మంచులో ఒకసారి, మరిగే నీళ్లలో ఒకసారి పెట్టి చూసుకున్నారు. ఆ పార్సిల్లో ఉత్తరం ఎందుకు లేదంటే, రాయడానికి నా చెయ్యి ఖాళీగా లేదు.

అమ్మగారి దండాలు మా ఇద్దరికీ అందాయి. మా దండాలు ఆవిడకు చెప్పండి.

ఇట్లు,
బంగారమ్మ

తా.క. ఈ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. "ఆ కంప్యూటర్లో ఇంకేదీ పాడవలేదా?" అని అడిగారు. పాడవాలని మా కోరిక కాదు. ఒకవేళ పాడైతే మాత్రం తాజాకలంలో కాదు, ఉత్తరంలోనే రాయండి. ఇప్పుడు చదివేవాళ్లున్నారు.