నాన్న ఉన్న పేజీ

అమ్మా,

నిన్న నీ సంవత్సరీకం. భోజనాల దగ్గర పిన్ని, "అక్క చేతి పులుసు ఇంకెక్కడ తింటాం" అంది. నాన్న వెంటనే, "నేను నేర్పిందేగా. దానికేం వచ్చు?" అన్నారు.

ఈరోజు నందిగామ కాలేజీ లైబ్రరీలో మనస్తత్వ శాస్త్రం పుస్తకం తీశాను. 'నార్సిసిస్టిక్ పర్సనాలిటీ డిజార్డర్' అన్న పేజీలో నాన్న ఉన్నారు. పొగడ్త లేనిదే నిలవలేరట, ఎదుటివాళ్ల బాధ పట్టదట, లోపల మాత్రం చిన్న మాటకే కూలిపోతారట. జగ్గయ్యపేటలో మన వంటిల్లు చూడని మనిషి ఇదంతా ఎలా రాశాడమ్మా? మాటలకు ఇంత చూపు ఉంటుందని నాకు తెలియదు.

ఆయన కంచం తోసేసిన ప్రతిసారీ, "ఉప్పు ఎక్కువేసి ఉంటాను, తప్పు నాదే" అనేదానివి. ఆ జబ్బుకు కారణాలు రాసిన చోట వేలు పెట్టి మూడుసార్లు చదివాను. అందులో ఎక్కడా పులుసులో ఉప్పు లేదమ్మా.